అలకబండ

ఇల్లరికపు అల్లుడికి నోరుండకూడదంటారు. నాకు నోరుంది గానీ, ఆ వేసవిలో ఉద్యోగం లేదు. చెప్పుల కంపెనీ మూతపడి నేను ఇంట్లో కూర్చున్న కొద్దిరోజులకే మా అత్తగారు నన్ను "బాబూ" అనడం మానేసి "ఏవండీ అల్లుడుగారూ" అనడం మొదలుపెట్టారు. అత్తవారింట్లో మర్యాద పెరిగిందంటే ప్రమాదం దగ్గరపడిందని అర్థం. అప్పుడు మా మామగారు నన్ను చెయ్యి పట్టుకుని మ్యూజియం నేలమాళిగలోకి దింపి, నత్తల ముందు కూర్చోబెట్టారు.

మామగారిని అక్కడ అందరూ నత్తల మేష్టారంటారు. పాఠాలు చెప్పే మేష్టారు కాదు. సముద్రంలో దొరికే చిన్న నత్తల విభాగం ఆయన చేతిలో ఉండేది. చిన్న అంటే మీరనుకునే చిన్న కాదు, ఆవగింజంత. కొన్నిటి పక్కన పెడితే ఆవగింజే గుమ్మడికాయలా కనపడుతుంది. వాటిని గాజుగొట్టాల్లో వేసి, దూది బిరడా పెట్టి, లోపల వేలిగోరంత చీటీ దూర్చి సొరుగుల్లో పేర్చేవారు. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఎవరు తెచ్చారు అన్నది ఆ చీటీలో ఉంటుంది. చీటీ లేని నత్త ఇసుకతో సమానమని మామగారి సిద్ధాంతం. ఆ చీటీలు భూతద్దంతో చదివి కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని.

మొదటిరోజే ఆయన నాకు ఒక నియమం చెప్పారు. "ముందువాడు రాసిన చీటీని ఎంత తప్పున్నా కొట్టెయ్యకూడదు అల్లుడూ. తప్పనిపిస్తే నీ మాట వేరే చీటీ మీద రాసి దాని వెనక పెట్టు. మొదటి మాట మొదటి మాటే."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ గొప్ప నియమాన్ని ఆయన ఇంట్లో అందరికీ మళ్ళీ వినిపించారు. అత్తగారు వడ్డిస్తూనే అన్నారు: "పోయినవాళ్ళ మాట కొట్టెయ్యరు. బతికున్నదాని మాట మాత్రం పూటకోసారి కొట్టేస్తారు."

ఆవిడ మాటంటే ఒకటే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ అడిగింది సముద్రం చూపించమని. ఇప్పుడంటే ఎండలు ముదరగానే సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడేది మామగారే గానీ, అప్పట్లో ఆ పేరెత్తితే ఆయన నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవారు. "సముద్రంలో ఏముందే? ఉన్నవన్నీ నా సొరుగుల్లోనే ఉన్నాయిగా" అనేవారు. అసలు తమాషా ఏమిటంటే ఆయన కూడా సముద్రం చూడలేదు. మా ఊరికీ సముద్రానికీ మధ్య ఒక పగలూ ఒక రాత్రీ బస్సు ప్రయాణం. తెచ్చి ఇచ్చేవాళ్ళు తెచ్చి ఇచ్చారు, ఈయన గొట్టాల్లో పెట్టారు, అంతే.

నేను పనిలో చేరిన కొన్నాళ్ళకి కొత్త డైరెక్టరమ్మ ఒక ఆర్డరు వేసింది. కంప్యూటర్లోకి ఎక్కే ప్రతి నత్తకీ మ్యాపులో ఒక చుక్క ఉండాలి. చుక్క పెట్టలేని నత్తల నంబర్లు తీసేసి, బడిపిల్లలు చేత్తో పట్టుకుని చూసుకునే పెట్టెల్లో కలిపేస్తారు. అవి ఇంక మ్యూజియంవి కావు. ఆ ఆర్డరు చదివి మామగారు లేచి వెళ్ళి, మూల ఉన్న నల్ల బీరువాకి వీపు ఆనించి నిలబడ్డారు, ఎవరో దాన్ని అప్పుడే ఎత్తుకుపోతున్నట్టు.

ఆ బీరువా దీపాలాయనది. ఎన్నో తరాల కిందట ఒక లైట్‌హౌస్‌లో దీపం వెలిగించే ఉద్యోగం చేసిన మనిషి ఆయన. రాత్రంతా దీపం చూసుకుని, పగలు నత్తలు ఏరేవాడు. అంత శ్రద్ధగా ఏరినవాడు మళ్ళీ పుట్టలేదని మామగారు ఎవరు దొరికినా చెప్పేవారు. చిక్కల్లా ఆయన చీటీలతోనే. ఆ మహానుభావుడికి దిక్కులూ దూరాలూ పట్టవు. ఉన్న ఒక్క కొలమానం పెళ్ళామే. "మా ఆవిడ బట్టలారేసే చోట." "మా ఆవిడ జారిపడ్డ గుంటలో." అన్నిటికంటే ఎక్కువ గొట్టాల్లో ఉన్నది ఇంకోటి. డైరెక్టరమ్మ మా నేలమాళిగకి వచ్చి దాన్నే పైకి చదివింది.

"'మా ఆవిడ అలిగి కూర్చునే బండ కింద. నీళ్ళు వెనక్కెళ్ళినప్పుడు.' ఇదెక్కడండీ మేష్టారూ?"

"లైట్‌హౌస్ దగ్గరండి."

"అక్కడ తీరమంతా బండలేనటండి. ఏ బండ?"

"అలిగి కూర్చునేదండి."

ఆవిడ పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. మంచి మనిషే. "వానలు మొదలయ్యేలోపు వెళ్ళి చూసి రండి. చుక్కతో పాటు ఒక నమూనా కూడా తేవాలి. అదే నత్త అక్కడ ఇప్పటికీ ఉంటే ఆ బండ అదేనని ఒప్పుకుంటా. లేకపోతే బీరువా బడిపెట్టెల్లోకి పోతుంది. నేనేం చెయ్యలేను" అంది.

ఆ నత్తకో గుర్తుంది. తెల్లటి గుల్ల నడుమున సన్నటి ఎర్రగీత, దారం చుట్టినట్టు. దీపాలాయన తెచ్చినవాటిలో అలకబండ గొట్టాల్లో తప్ప ఇంకెక్కడా అది లేదు. కాబట్టి ఎర్రదారం నత్త ఏ బండ కింద పాకుతుంటే అదే అలకబండ. చెప్పుకోవడానికి సులువుగానే ఉంది.

మామగారికి అన్నం సహించడం మానేసింది. "ఆయన నత్తలు బడిపెట్టెలోకి పోతే నేనూ ఆ పెట్టెలోకే పోతాను" అని ముద్ద ముందు పెట్టుకుని కూర్చునేవారు. సంగతంతా విని అత్తగారు మాత్రం ఇంకో దారిన పోయారు.

"అన్ని గొట్టాలు ఆ ఒక్క బండవేనా? అంటే అన్నిసార్లు అలిగిందన్నమాట పాపం."

"ఆవిడ అలకల సంగతి మనకెందుకే? ఆయన ఎంత ఓపిగ్గా ఏరాడో చూడు."

"అదే అడుగుతున్నా. ఆయన ఆవిణ్ణి బతిమాలడానికి వెళ్ళాడా, నత్తలకోసం వెళ్ళాడా?"

"రెండూ అయుండొచ్చు."

"రెండూ ఎలా అవుతాయి? ముందు ఏదో ఒకటి చేసుంటాడుగా. ఏది?"

మామగారు నా వైపు చూశారు. నేను పచ్చి ఇల్లరికం మనిషిని, కంచంలోకి చూశాను.

ప్రయాణం ఖాయమైనప్పుడు మామగారు ఇద్దరికే ఏర్పాటు చేశారు, ఆయనకీ నాకూ. "ఇది ఆఫీసు పని" అన్నారు గట్టిగా, ఎవరూ అడక్కుండానే. నా భార్య నన్ను వంటింట్లోకి పిలిచింది. తను పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది, నొప్పి తెలియకుండా మాట్లాడడం వచ్చు. "అమ్మ లేకుండా సముద్రానికి వెళ్ళాలనుంటే వెళ్ళు. తిరిగి రావడం గురించి తర్వాత ఆలోచిద్దాం" అంది. మర్నాడు బస్సెక్కేసరికి కిటికీ పక్క సీట్లో అత్తగారు అప్పటికే కూర్చుని ఉన్నారు, ఒళ్ళో సంచీతో. మామగారు అడ్డు చెప్పబోయి, ఆవిడ మొహం చూసి, టిక్కెట్టు తీశారు.

సముద్రం కనపడగానే అత్తగారు మాట్లాడ్డం ఆపేశారు. ఆవిడ మాట ఆగడం నేను చూడ్డం అదే మొదటిసారి. చెయ్యి గుండెమీద పెట్టుకుని అలా నిలబడిపోయారు. మామగారు మాత్రం దిగీ దిగగానే వంగారు. వంగిన మనిషి లేవలేదు. బండలూ గుంటలూ ఇసకా చూసుకుంటూ పోయారు. ఎదురుగా అంత సముద్రం ఉంటే దానికి వీపు చూపించి, రాయి కింద భూతద్దం పెట్టుకున్న మనిషి ప్రపంచంలో ఆయనొక్కరే అయుంటారు.

లైట్‌హౌస్‌కి తాళం వేసుంది. దాని చుట్టూ ఎన్ని బండలున్నాయో ఎవడూ లెక్కపెట్టలేడు. నీళ్ళు వెనక్కెళ్ళిన కాసేపే పని. నల్లనత్తలు దొరికాయి, చారలవి దొరికాయి, ఎర్రదారం మాత్రం లేదు. మామగారు సిద్ధాంతాలు మొదలుపెట్టారు. దీపాలాయన రాత్రి పని మనిషి, అలిగిన భార్యని పిలవాలంటే లైట్‌హౌస్ మెట్ల మీంచే పిలుస్తాడు, కాబట్టి బండ పిలుపు దూరంలో ఉండాలి. అందుకని నన్ను ఒక్కో బండ మీద నిలబెట్టి, తను మెట్ల మీంచి "ఏమేవ్!" అని అరిచేవారు. వినపడితే నేను చెయ్యెత్తాలి.

చేపలమ్మే ఒకామె చాలాసేపు ఇది చూసి, ఒడ్డున కూర్చున్న అత్తగార్ని అడిగింది. "ఆ పెద్దాయన ఎవర్నమ్మా అలా పిలుస్తున్నాడు?"

"వాళ్ళ అల్లుణ్ణి" అన్నారు అత్తగారు.

ఆమె ఇంకేమీ అడక్కుండా తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

బసకి వచ్చాక మామగారు అత్తగారి దగ్గరికే వెళ్ళారు, తప్పనిసరై. "నీకు అలకొస్తే ఇక్కడ ఏ బండ మీద కూర్చుంటావే?"

"నాకు అలకొస్తే బండ మీద కూర్చోను. బండ చేతికి తీసుకుంటాను."

"అది కాదే. ఊరికే, ఒక్కసారి అలిగి చూపించు."

"అడిగితే వచ్చేది అలకెలా అవుతుంది? మీరు పనికట్టుకుని తెప్పించాలి. అది మీకు బాగానే వచ్చుగా" అని పక్క దులిపి పడుకున్నారు.

చివరిరోజు రానే వచ్చింది. మర్నాడు పొద్దున్నే బస్సు. ఆకాశం అంచున మబ్బులు కమ్ముతున్నాయి, వాన పడిందంటే ఇంక ఆ ఏడాదికి ఆ బండల దగ్గరికి ఎవరూ దిగలేరు. పొద్దున మామగారు ఉన్నట్టుండి మెత్తటి గొంతుతో అన్నారు: "ఇవాళ నువ్వూ నాతో రా. కాస్త మంచి బట్టలు కట్టుకో. దూరానికి కనపడేవి."

అత్తగారు మొదట నమ్మలేదు. తర్వాత నమ్మారు, అదే ఘోరం. సంచి అడుగునుంచి కొత్త పసుపుపచ్చ బట్టలు తీసి కట్టుకున్నారు. జుట్టు రెండుసార్లు దువ్వుకున్నారు. దారిలో ఏదో కూనిరాగం కూడా తీశారు. నాకు మాత్రం మామగారి జేబులో దిక్సూచి ఉబ్బెత్తుగా కనపడుతోంది.

ఆయన ఆవిడ మోచెయ్యి పట్టుకుని నీళ్ళ అంచుదాకా నడిపించారు. "ఇక్కడ నిలబడు" అన్నారు. అత్తగారు అలలకేసి తిరిగి, నవ్వుమొహంతో నిలబడ్డారు. ఆయన కూడా పక్కన నిలబడతారని కాబోలు కొంచెం జరిగి చోటిచ్చారు. అల వచ్చి పాదాలు తడిపింది. "అబ్బ, చల్లగా ఉంది కదండీ" అన్నారు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఎక్కడో దూరాన బండ మీద ఒంటికన్ను మూసుకుని, దిక్సూచి మొహానికి ఆనించుకుని ఉన్నారు.

"కదలకు! నీ తలకీ లైట్‌హౌస్ కొనకీ గీత కలపాలి! పసుపు బాగా కనపడుతోంది!"

అత్తగారికి అర్థమైంది. తనని షికారుకి తేలేదు. కొలతకర్రగా తెచ్చారు.

ఆవిడ తిన్నగా బండలవైపు నడవడం మొదలుపెట్టారు. మామగారు "కదులుతోంది, కదులుతోంది, ఏమేవ్!" అని అరుస్తున్నారు. నేను పరిగెత్తుకెళ్ళి ఆయన దిక్సూచి కిందికి లాగాను.

"మామగారూ, అత్తగారు అలిగారు."

"నిజం అలకేనా?"

"నేను మీ కూతురికి మొగుణ్ణండి. ఆ నడక నాకు తెలుసు."

ఆయన మొహం వెలిగిపోయింది. అలా వెలిగినందుకు నాకు ఆయన మీద ఒళ్ళు మండింది, నిజం చెబుతున్నా. భూతద్దం తీసుకుని ఆవిడ వెనక బయల్దేరారు. గొట్టాల సంచి మోస్తూ నేను ఆయన వెనక.

"అంత చక్కటి బండ వదిలేసిందేం?"

"లైట్‌హౌస్‌లోంచి కనపడుతుందండి. అలిగినవాళ్ళు కనపడకూడదు."

"మరి ఇది?"

"నీడ లేదండి. ఎంతసేపు కూర్చోవాలో ఏమో."

"ఆ చివరిది నీడే కదోయ్."

"అది మరీ దూరమండి. పిలిస్తే వినపడదు."

మామగారు ఆగిపోయారు. "వినపడాలా?"

"వినపడాలండి. వినపడ్డా పలక్కూడదు. లేకపోతే అలగడం ఎందుకు?"

ఇన్నాళ్ళూ ఆయన "ఏమేవ్" అంటే ఆవిడ పలక్కపోవడాన్ని చెవుడు మొదలైందనుకున్నారని తర్వాత చెప్పారు. ఇక ఆ తర్వాత మెల్లగా నడిచారు, భూతద్దం కిందికి వేలాడేసుకుని.

మలుపు తిరగ్గానే పసుపుపచ్చ కనపడింది. లైట్‌హౌస్‌కి కనపడని మూల, పైన ఇంకో రాయి గొడుగులా వంగి నీడ పడుతున్న చోట, బల్లలాంటి బండ మీద అత్తగారు సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. ఒక కాలు కింద తడిరాయి మీద ఆనించి ఉంది. మామగారు ఆవిడ ముందుకి వెళ్ళి, అలవాటు చొప్పున మోకాళ్ళ మీదికి వంగారు.

"చాల్లెండి, లేవండి" అన్నారు అత్తగారు. "అల్లుడుగారి ముందు మోకాళ్ళ మీద పడ్డమేమిటి? అసలే నొప్పులు."

నేను చూశాను. మామగారూ చూశారు. ఆవిడ మడమకి జానెడు దూరం కూడా లేదు, తడిరాయి నెర్రెలో ఆవగింజలంత తెల్లటి చుక్కలు పాకుతున్నాయి. ఒక్కోదాని నడుమునా ఎర్రదారం.

ఆయన చెయ్యి గొట్టం కోసం నా వైపు సగం సాగింది. నేను సంచి విప్పేశాను కూడా. కానీ ఆ చెయ్యి గాల్లో అలాగే ఆగి, ముడుచుకుని, భూతద్దాన్ని జేబులో పెట్టేసింది. దీపాలాయన నత్తలకోసం అన్నం మానేసిన మనిషి, బస్సు పొద్దున్నే అని తెలిసిన మనిషి, వాన వస్తోందని చూస్తూనే ఉన్న మనిషి, చేసిన పని అది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"తప్పయిపోయిందే" అన్నారు. "నిన్ను కర్రలా నిలబెట్టాను."

ఆయన లేచి, మూలుగుతూ బండెక్కి, పక్కన చతికిలబడ్డారు. ఇంకేం చెయ్యాలో తోచక కాబోలు, తలెత్తి ఎదురుగా చూశారు. ఊళ్ళోకి వచ్చాక మొదటిసారి.

"ఇంతుందా ఇది!"

"ఇంతే మరి" అన్నారు అత్తగారు. "మీ సొరుగుల్లో పడుతుందా?"

"పట్టదే" అన్నారు మామగారు బుద్ధిగా.

నా అవస్థ ఏం చెప్పను. అలలు ఒక్కోటీ ముందుదాని కంటే కాస్త పైకి వస్తున్నాయి. నేను దగ్గాను. గొట్టం ఎత్తి చూపించాను. కళ్ళతో కిందికి సైగ చేశాను. మామగారు నా వైపు చిరాగ్గా చూసి, "గొంతు బాలేకపోతే వెళ్ళి వేణ్ణీళ్ళు తాగు" అన్నారు. నేను కాలుగాలిన పిల్లిలా ఆ చుట్టూ తిరుగుతున్నాను, వాళ్ళిద్దరూ మాత్రం దూరాన పోతున్న పడవ మనవైపు వస్తోందా అటు పోతోందా అని వాదించుకుంటున్నారు. ఆయన వస్తోందన్నారు. ఆవిడ పోతోందన్నారు. కాసేపటికి ఆయనే "అవున్లే, పోతోంది" అన్నారు. మామగారు ఒక మాట వెనక్కి తీసుకోవడం నేను వినడం అదే మొదలు. మొదటి అల తుంపర వచ్చి రాతి నెర్రె మీద పడింది.

"ఏమండీ" అన్నారు అత్తగారు.

"ఊఁ."

"నీళ్ళు వచ్చేస్తున్నాయి. ఇంక ఏరుకోండి."

"ఏమిటే ఏరుకునేది?" అన్నారాయన సముద్రం మీంచి చూపు తిప్పకుండా. అబద్ధమాడ్డం ఆయనకి బొత్తిగా చేతకాదు, చెవులు ఎర్రబడ్డాయి.

"నా మడమ దగ్గర పాకుతున్నవి. ఎర్రదారాలవి."

మామగారు ఆవిడ వైపు తిరిగారు. "నువ్వు చూశావా?"

"మీరు రాకముందే చూశాను. కాలు జరిపితే ఎక్కడ చితికిపోతాయోనని అప్పట్నించీ కదపకుండా కూర్చున్నాను. మీరెంతసేపు నోరు మూసుకుంటారో చూద్దామని ఊరుకున్నా గానీ, ఇంక నావల్ల కాదు. తిమ్మిరెక్కి కాలు ప్రాణాలు తోడేస్తోంది."

మామగారు గబగబా కిందికి దిగారు. అల వచ్చి మోకాళ్ళదాకా తడిపినా చూసుకోలేదు. ఆవిడ పాదాన్ని రెండు చేతులతోనూ పట్టుకుని, కింద ఒక్క నత్త కూడా నలక్కుండా మెల్లగా పైకెత్తి, తన ఒళ్ళో పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టారు.

ఆ నత్తల్ని నేనే ఏరాను. ఆయన చేతులు ఖాళీగా లేవు.